శరభయ్య పోస్టు

ఒకానొక సంస్థానంలో, తెల్లదొరల ఏలుబడి సాగుతున్న రోజుల్లో, ఉగ్రసేన భూపతి బహద్దూర్ అనే రాజుగారు ఉండేవారు. సంస్థానం పేరు తుమ్మలకోట. రాజుగారు పొద్దున్నే గుర్రమెక్కి షికారుకు బయలుదేరితే, ఫలహారం వేళకు పొరుగు సంస్థానంలో ఉండేవారు. అంత పెద్ద రాజ్యం.

రాజ్యం చిన్నదైనా ఆయన పేరుకు ముందు పదహారు బిరుదులుండేవి. రాజుగారు ఎటు కదిలినా ముందు నడుస్తూ, ఆ పదహారూ గొంతెత్తి చదవడం శరభయ్య పని. అతని తాత, తండ్రి చేసిన పని కూడా అదే.

ఒక ఏడు రాజుగారికి ఇంగ్లీషు పిచ్చి పట్టింది. చెన్నపట్నం నుంచి ఒక మాస్టరును రప్పించుకుని నలభై రోజులు పాఠం చెప్పించుకున్నారు. పాఠం జరుగుతున్నంతసేపూ శరభయ్య గుమ్మం బయట నిలబడేవాడు. లోపల రాజుగారికి ఒక మాట పట్టుబడేలోగా బయట శరభయ్యకు నాలుగు పట్టుబడేవి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

నలభై ఒకటో రోజున రాజుగారు కొత్త ఏర్పాట్లు చేశారు. ఇకమీదట నోటిమాట చెల్లదు. ఎవరికి ఉద్యోగం ఇచ్చినా, ఎవరిని తీసేసినా దొరల పద్ధతిలో కాగితం మీద రాయాలి. తీసివేత కాగితమైతే తపాలాలోనే రావాలి. ఆ పద్ధతిలో మొట్టమొదట ఉద్యోగం ఊడింది శరభయ్యకే. తెలుగు బిరుదులు మోటుగా ఉన్నాయని రాజుగారి అభిప్రాయం.

కోటకూ శరభయ్య ఇంటికీ మధ్య ఒక్క కేక దూరం. అయినా ఆ కాగితం పన్నెండు కోసుల దూరంలోని పట్నానికి వెళ్లి, ముద్ర వేయించుకుని, నాలుగో రోజుకు తిరిగొచ్చింది. ఆ నాలుగు రోజులూ శరభయ్య బిరుదులు చదువుతూనే ఉన్నాడు. రాజుగారు మీసం దువ్వుకుంటూ వింటూనే ఉన్నారు.

ఆ తర్వాత శరభయ్యకు ఏమీ తోచలేదు. పొద్దున్నే లేచి అలవాటుగా గొంతు సవరించుకునేవాడు. ఏం చదవాలో గుర్తుకురాక అరుగు మీద కూలబడేవాడు. అతని భార్య సూరమ్మ వారం రోజులు చూసి, తన అన్నగారి ఊరు పోయి గేదెలు కాసుకుని బతుకుదామంది. తన గొంతు వింటే గేదెలు పాలివ్వడం మానేస్తాయని శరభయ్య అన్నాడు. అన్నాడే గాని, ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు దర్బారుకు వెళ్లి, కోటలో ఏదైనా ఉద్యోగం ఇప్పించమని చేతులు కట్టుకుని అడిగాడు. రాజుగారు ఆరోజు మంచి హుషారుగా ఉన్నారు. కాగితం తెప్పించుకుని, "ఇతనికి నా కోటలో ఒక పోస్టు ఇవ్వండి" అని ఇంగ్లీషులో రాసి, రాజముద్ర వేసి, అందరికీ వినబడేలా చదివారు. శరభయ్య కళ్లు చెమర్చాయి.

ఏ పోస్టు ఇవ్వాలని దివాన్ కామేశం పంతులు అడిగారు. రాజుగారు నవ్వు ఆపుకుంటూ కలప కొట్టు వైపు వేలు చూపించారు. ఇద్దరు నౌకర్లు నిలువెత్తు టేకు గుంజ ఒకటి మోసుకొచ్చి శరభయ్య ముందు పెట్టారు. ఇంగ్లీషులో గుంజను కూడా పోస్టే అంటారని రాజుగారు వివరించారు. దర్బారంతా పడీపడీ నవ్వింది.

శరభయ్య ఆ గుంజను కింది నుంచి పై దాకా చూశాడు. తర్వాత దానికి వంగి దండం పెట్టాడు.

"మహాప్రసాదం. బతికున్నంత కాలం ఇది నాదేనని ఆ కాగితంలోనే ఒక ముక్క రాయించండి ప్రభూ" అన్నాడు.

రాజుగారికి ఇంకా నవ్వొచ్చింది. "యావజ్జీవం" అని రాసి, ఇంకో ముద్ర కూడా కొట్టించారు.

శరభయ్య గుంజను భుజాన వేసుకుని ఊరంతా చూస్తుండగా ఇంటికి తెచ్చాడు. కనీసం పొయ్యిలోకైనా పనికొస్తుందని సూరమ్మ గొడ్డలి తీసింది. సోమవారం దాకా ఆగమన్నాడు శరభయ్య.

సోమవారం కలెక్టరు దొర వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే ఇంగ్లీషు బిరుదు ఒకటి దొరుకుతుందని రాజుగారి ఆశ. ఏటి దాకా ఎదురువెళ్లడానికి నాలుగు గుర్రాల బండి సిద్ధం చేయించి, పొద్దుటి నుంచే మఖ్మల్ కోటు తొడుక్కుని కూర్చున్నారు.

ఆ పొద్దుటే శరభయ్య గునపంతో కోట వాకిలికి వచ్చి, సరిగ్గా మధ్యలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. కాపలా జవాన్లు అడ్డుపడితే కాగితం చూపించాడు. వాళ్లకు ఇంగ్లీషు రాదు గాని రాజముద్ర తెలుసు. అందుకని గుంజ నిలబెట్టడానికి వాళ్లే ఒక చెయ్యి వేశారు. మట్టి గట్టిగా తొక్కి, శరభయ్య దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు.

కాసేపటికి రాజుగారి బండి వచ్చింది. గుంజకు అటూ ఇటూ మనిషి వెళ్లవచ్చు, గుర్రం వెళ్లవచ్చు. బండి పట్టదు. బండి లేకుండా దొరకు ఎదురువెళ్లడం రాజుగారికి నామోషీ.

"ఎవడిదిది?" అన్నారు రాజుగారు.

"నాదే ప్రభూ. తమరు దయచేసిన పోస్టు."

"పీకేయ్."

"నా పోస్టు నేనే పీక్కుంటానా ప్రభూ? తమరే పీకాలి. కాగితం రాసి తపాలాలో పంపించండి. నాలుగో రోజుకు అందుతుంది."

రాజుగారు నౌకర్లను పిలిచారు. శరభయ్య కాగితం ఎత్తి పట్టుకున్నాడు. రెండు రాజముద్రలు చూసి నౌకర్లు వెనక్కి తగ్గారు. ఈలోగా ఊరి జనం మూగారు. ఇంతమందిలో తమ ముద్రను తామే కాదంటే, రేపటి నుంచి సంస్థానంలో ఏ పట్టా చెల్లదని దివాన్ గారు రాజుగారి చెవిలో చెప్పారు.

"అది ఉత్త గుంజరా" అన్నారు రాజుగారు పళ్లు బిగించి.

"గుంజే అయితే, తమరు ఇస్తానన్న పోస్టు నాకింకా రానట్టే ప్రభూ. పోస్టే అయితే, యావజ్జీవమన్న ముద్రను తమరు కాదంటే తప్ప పీకడానికి వీల్లేదు. ఏది నిజమో తమరే సెలవివ్వండి."

రాజుగారు ఎండలో, మఖ్మల్ కోటులో, చెమటలు కక్కుతూ బండిలోనే కూర్చున్నారు.

ఏటి దగ్గర ఎదురుచూసి విసిగిపోయిన దొర తన గుర్రం మీద తానే కోటకు వచ్చాడు. వాకిట్లో గుంజ, దాని పక్కన మనిషి, వెనక కదలని బండి కనిపించాయి. ఇక్కడేం చేస్తున్నావని శరభయ్యను ఇంగ్లీషులో అడిగాడు.

శరభయ్య సలాము చేసి, తాను తన పోస్టులో ఉన్నానని చక్కటి ఇంగ్లీషులో జవాబు చెప్పాడు.

దొరల పటాలంలో సిపాయి కాపలా కాసే చోటును కూడా పోస్టే అంటారు. దొర ముఖం విప్పారింది. సాక్షాత్తూ రాజు వచ్చినా కాపలా వదలని ఇలాంటి మనిషిని తాను ఈ జిల్లాలో చూడలేదని, ఇంత క్రమశిక్షణ నేర్పిన రాజుగారిని ఎంత పొగిడినా చాలదని అన్నాడు. నలభై రోజుల చదువులో ఆ క్షణాన రాజుగారికి ఒక్క మాటే గుర్తొచ్చింది. "ఎస్, ఎస్" అన్నారు.

దొర విందారగించి, పైవారికి బిరుదు కోసం రాస్తానని మాటిచ్చి వెళ్లిపోయాడు. అప్పుడు రాజుగారు శరభయ్యను దర్బారుకు పిలిపించారు. కోప్పడాలని ఉంది గాని, బిరుదు తెచ్చిపెట్టినవాణ్ణి ఏమని కోప్పడతారు?

"ఆ గుంజ పీకెయ్యి. ఈసారి నిజంగానే నీకు మంచి పోస్టు..."

శరభయ్య రెండు చేతులూ జోడించాడు. "తెలుగులో సెలవివ్వండి ప్రభూ."

"సరే, కొలువు. కొలువు ఇస్తున్నాను. నేను ఇంగ్లీషులో ఏ మాట రాసినా, ముద్ర పడకముందే దానికి ఎన్ని అర్థాలున్నాయో నువ్వు చెప్పాలి."

శరభయ్య సాష్టాంగపడ్డాడు. అతను లేచేలోగా రాజుగారి కళ్లలో చిలిపితనం మెరిసింది.

"కొలువంటే ఉద్యోగమే అనుకుంటున్నావేమో. మా అంతఃపురంలో బొమ్మల కొలువు కూడా పెడతారు. తీసుకెళ్లి అందులో నిలబెడతాను."

"అంతకంటేనా ప్రభూ. నన్ను ఏ మెట్టు మీద పెట్టినా, పై మెట్టు మీద తమరుంటారు కదా."

దివాన్ గారు నేల చూపులు చూశారు. రాజుగారు ఆ మాటను ఒకటికి రెండుసార్లు లోలోపల తిప్పి చూసుకున్నారు. అర్థమయ్యాక, తలపాగా జారి ఒళ్లో పడేంతగా నవ్వారు. నవ్వుతూనే తమ భుజాన ఉన్న పట్టుశాలువా తీసి, శరభయ్యకు స్వయంగా కప్పారు.