తెర మీదికొచ్చిన కోన

నిరంజన్ మా ఆశ్రమానికొచ్చి మూడేళ్ళయింది. అంతకు ముందు హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం. ధ్యానం సంగతి ఎలా ఉన్నా, కరెంటుతో నడిచే వస్తువేదైనా సరే, తనకు తెలియనిది లేదని మహా ధీమా. వంటశాల చూసేది నేను. నా మిక్సీ కూడా అయ్యగారి సలహా లేకుండా తిరిగేది కాదు.

తాళపత్రాల ఫోటోలు చదువుకోవడానికి ఎవరో భక్తులు మా పఠనశాలకు ఒక మానిటర్ ఇచ్చారు. మంచమంత వెడల్పు. మా గురువు సిద్ధప్పస్వామి దాన్ని అటూ ఇటూ చూసి, "ఎవరూ చదవనప్పుడు దీని మీద మన కోన కనపడేట్టు చెయ్యి నాయనా. తుంగమ్మవ్వ చూస్తుంది" అన్నారు.

తుంగమ్మవ్వ ఆశ్రమంలో అందరికంటే పెద్దది. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే కొండెక్కి, కోనలో జలపాతం కింద స్నానం చేసి, బిందెడు నీళ్ళతో దిగొచ్చిన మనిషి. మోకాళ్ళు పోయి ఆరేళ్ళుగా కోన మొహం చూడలేదు. ఆ తర్వాత కళ్ళకు శుక్లాలొచ్చాయి. పోయిన వారమే ఆపరేషన్ చేయించుకొచ్చాం. నల్లద్దాలు తీసిన రోజు మొట్టమొదట కోననే చూస్తానని ఆమె పట్టు.

"అదెంత పనవ్వా! కోనను నీ ముందుకే దించుతా" అన్నాడు నిరంజన్.

అని, ఫోన్‌లో మా ఆశ్రమం గ్రూపు తెరిచి, ఎవరో ఎప్పుడో పంపిన కోన ఫోటో ఒకటి తీసి స్క్రీన్‌సేవర్‌గా పెట్టేశాడు. ఫోన్‌లో చూస్తే అద్భుతంగా ఉంది.

శుక్రవారం నాడు అవ్వను తీసుకొచ్చి తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె నెమ్మదిగా అద్దాలు తీసింది. చూసింది. కళ్ళు నులుముకోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. మళ్ళీ చూసింది.

"మబ్బు మబ్బుగా ఉందప్పా. ఆపరేషన్ కుదిరినట్టు లేదు."

"లేదవ్వా, నీ కళ్ళది కాదు, ఫోటోదే..." అని నిరంజన్ ఏదో చెప్పబోయాడు.

"నన్ను ఓదార్చొద్దులే" అని అద్దాలు పెట్టేసుకుంది. గదికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం కూడా తినలేదు. నాకు నిరంజన్ మీద ఎంత కోపం వచ్చిందంటే, వాడికి పెట్టాల్సిన వంకాయ కూర కుక్కకు పెడదామా అనుకున్నాను.

వాడు మాత్రం తెర ముందు నుంచి లేస్తే ఒట్టు. ఆ ఫోటో గ్రూపు నుంచి గ్రూపుకు దాటుతూ చిక్కి సగమైందట. బొమ్మను కట్టే చుక్కలు అడ్డంగా వెయ్యి కూడా లేవు, ఈ తెరకేమో నాలుగు వేల చిల్లర కావాలట. ఆ ఉన్నదాన్నే సాగదీశాడు. షార్ప్‌నెస్ పెంచాడు. ఆకులన్నీ బ్లేడు ముక్కల్లా తయారయ్యాయి. ఇంకేదో ప్రోగ్రాం తెచ్చి పెద్దది చేయిస్తే, అది లేని కొమ్మలు మొలిపించింది, జలపాతం పక్కన ఒక మెట్ల వరస కూడా కట్టింది. మా కోనలో మెట్లెక్కడివి?

శనివారం మధ్యాహ్నం స్వామి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహం వాడిపోయింది. "స్వామీ, చెయ్యగలిగినవన్నీ చేశాను. ఇంకేం చెయ్యాలి?"

"ముందు వడ్డన చెయ్యి. ఈ పూట మజ్జిగ నీది" అని స్వామి ఒక గ్లాసు వాడి చేతిలో పెట్టారు. నిండా చిక్కటి మజ్జిగ.

"మిగతాది ఎక్కడుంది స్వామీ?"

"ఇంతే. నలభై మందికీ అందాలి."

పెద్ద కుండ నిండుగా వంటశాలలో నా వెనకే ఉంది. బయటికి తేవద్దని స్వామి ముందే చెప్పారు. నేను నవ్వు బయటికి రాకుండా పమిట నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

నిరంజన్ ఏం చేస్తాడు? గ్లాసు బకెట్లో వంచి, బిందెడు నీళ్ళు పోశాడు. మొదటి విస్తట్లో పోయగానే గంగిరెడ్డన్న గయ్‌మన్నాడు. "ఏమప్పా, గిన్నె కడిగిన నీళ్ళు మాకు పోస్తావా?"

"ఉప్పేసి చూడు నాయనా" అన్నారు స్వామి, చివరి ముద్ద పప్పన్నం కలుపుకుంటూ.

ఉప్పు వేశాడు. "ఇప్పుడు ఉప్పునీళ్ళు" అన్నాడు గంగిరెడ్డన్న.

"అల్లం, పచ్చిమిరపకాయ దంచి వెయ్యి. కరివేపాకు కూడా."

అవీ వేశాడు. మూడో విస్తరి దగ్గర ఒకాయనకు పొలమారింది. పంక్తి పంక్తంతా ఒకటే నవ్వు. పాపం, నిరంజన్‌కు చెవులు ఎర్రబడ్డాయి.

"అందులో మజ్జిగే లేదు స్వామీ! పైన ఎన్ని వేస్తే మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అనేసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా తలెత్తి కిటికీలోంచి కొండవైపు చూశాడు.

"మూడేళ్ళలో ఎన్నిసార్లు ఎక్కావు?" అన్నారు స్వామి.

"ఒక్కసారి కూడా ఎక్కలేదు స్వామీ. ఫోటోలు రోజూ వస్తాయి కదా అని..."

"కూర్చుని అన్నం తిను. రేపు తెల్లారగానే పోదువు."

నేను కుండ బయటికి తెచ్చాను. అందరికంటే ముందు వాడికే పోశాను.

ఆదివారం తెల్లవారుతుంటే ఆఫీసు బీరువాలోని పాత కెమెరా, స్టాండూ తీసుకుని వాడు ఒక్కడే ఎక్కాడు. పదింటికి తడిసిన పంచెతో దిగాడు. మొహం వెలిగిపోతోంది. ఫోన్లూ గీన్లూ లేకుండా కెమెరాలోని కార్డు తీసి నేరుగా కంప్యూటర్లో పెట్టాడు. తెరకు ఎన్ని చుక్కలుంటాయో సరిగ్గా అన్నే ఉండేట్టు ఫోటో కత్తిరించాడు. సాగదీయలేదు, పదును పెట్టలేదు.

"మళ్ళీ ఏడిపించడానికా?" అని అవ్వ రానంది. స్వామే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

అద్దాలు తీసింది. మేమందరం ఆమె మొహమే చూస్తున్నాం.

"ఓరి ఓరి! అత్తిచెట్టు కింద తేనెపట్టు! ఎప్పుడు పెట్టాయిరా అవి?"

తేనెపట్టా? మాలో ఎవరికీ కనపడలేదు. తీసిన నిరంజనే చూడలేదు. తెరకు ముక్కు ఆనించి చూస్తే నిజమే, చెట్టు వేళ్ళ సందున అరచేతంత పట్టు, దాని మీద తేనెటీగలు. ఒక్కొక్కటీ విడివిడిగా కనపడుతోంది.

"నా కళ్ళు బాగున్నాయి! బంగారంలా ఉన్నాయి నా కళ్ళు!" అని అవ్వ చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపాగలేదు.

నిరంజన్ సంతోషం పట్టలేక, "ఆగవ్వా, పెద్దది చేసి చూపిస్తా" అని మౌస్ మీద చెయ్యేశాడు.

అంతే. కోన మాయం. స్క్రీన్‌సేవర్ కదా, ఎవరూ ముట్టుకోనంతసేపే ఉంటుంది.

"ఎవడ్రా కదిలించింది?" అవ్వ అరుపుకు కిటికీలు అదిరాయి.

"ఐదు నిమిషాలు ఊరకుంటే మళ్ళీ అదే వస్తుందవ్వా."

"అయితే ఊరకుండండి అందరూ. కదిలితే కాళ్ళు విరగ్గొడతా. మాట్లాడొద్దు కూడా."

మాటలకూ దానికీ సంబంధం లేదని చెప్పే ధైర్యం ఎవరికుంది? నిరంజన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం, నలభై మందిమి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి కోన వచ్చింది. వచ్చినా ఎవరూ లేవలేదు. పొయ్యి మీద నా సాంబారు మాడుతున్న వాసన వస్తోంది. నేనూ లేవలేదు.

స్వామి నిరంజన్ చెవిలో గుసగుసగా అన్నారు. "ముప్పై ఏళ్ళుగా వీళ్ళను కదలకుండా కూర్చోమంటున్నా నాయనా. ఒక్కరు కూడా..."

"ష్!" అంది అవ్వ.

స్వామి నోరు మూసుకున్నారు.