నిజంగా ఓడిన ఆట

"అమ్మా, నేను ప్రేమతోనే కదా ఓడిపోయాను? అందులో తప్పేముంది?" అని వనమాలి అడిగాడు.

అడిగింది తన గురువు కామేశ్వరమ్మగారిని. ప్రశ్న వేయగానే బదులివ్వడం ఆవిడకి అలవాటు లేదు. వేళ్లకంటిన పిండి కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, "పద, ఆ పిల్ల ఎక్కడుందో చూపించు" అన్నారు.

టాంజానియా తీరాన ఒక చిన్న ఊళ్లో, తల్లిదండ్రులు లేని పిల్లల ఆశ్రమమది. నెల్లాళ్లు సేవ చేసి రావాలని గురుశిష్యులిద్దరూ అంత దూరం వెళ్లారు. ఆవిడ వంటింట్లో చెయ్యి వేసేవారు, వనమాలి లెక్కలు చెప్పేవాడు. అక్కడి పిల్లలకో ఆట ఉంది. చెక్కలో తొలిచిన గుంటల్లో గింజలు పంచుకుంటూ పోవడం, ఇంచుమించు మన వామనగుంటలే. జుహురా అనే పిల్ల అందులో చెయ్యి తిరిగినది. ఓరోజు వనమాలిని ఆటకి పిలిచింది. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, పిల్లలతో ఆడితే కావాలని ఓడిపోయి చప్పట్లు కొడితే గానీ తోచదు! ఇతగాడూ అదే చేశాడు. చేతికి రావలసిన గింజలు వదిలేసి, ఓడిపోయి, "శభాష్!" అంటూ బుగ్గ గిల్లాడు. జుహురా అతని మొహంలోకి ఒక్క చూపు చూసింది. గింజలన్నీ నేల మీద కుమ్మరించి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి లెక్కల క్లాసు గడప తొక్కలేదు. అందరిలోకీ చురుకైన పిల్ల, పైగా రేపో మాపో తిరుగు ప్రయాణం. ఆ పిల్లని మళ్లీ క్లాసులో చూడకుండా వెళ్లిపోవాలా అని వనమాలికి అన్నం సహించడం లేదు.

కామేశ్వరమ్మగారు జుహురా ఎదుట చతికిలబడి, ఆట చెక్కని అరచేత్తో తట్టారు. భాషతో పని పడలేదు. ఆవిడ ఆటలో జాలీ లేదు, దయా లేదు, గింజలన్నీ ఊడ్చిపారేశారు. జుహురా పెదవి కొరుక్కుని మళ్లీ గుంటలు నింపింది. మళ్లీ ఓడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పసిదమ్మా! ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి" అని వనమాలి బతిమాలాడు.

"నోరు మూసుకో, నా లెక్క తప్పుతుంది" అన్నారావిడ.

మూడో ఆటకి పిల్లలంతా చుట్టూ మూగారు. జుహురా గింజలు గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. తర్వాత తడుముకోకుండా పంచుకుంటూ పోయింది. ఆవిడ వైపు గుంటలు ఖాళీ!

"అయ్యయ్యో, ఆ మూల గుంట చూసుకోలేదే! చేజేతులా పోగొట్టుకున్నాను" అని కామేశ్వరమ్మగారు నుదురు కొట్టుకున్నారు. వేదాంతం చెప్పే మనిషికి అంత ఉక్రోషమేమిటో గానీ, అది నటన కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. జుహురాకైతే మరీను. ఆ పిల్ల పెట్టిన కేకకి పైకప్పు ఎగిరిపోయిందనుకోండి! పిల్లలు ఆమెని భుజాలకెత్తుకుని వాకిలంతా తిప్పారు. వనమాలి కూడా ఒళ్లు మరిచి వాళ్లతో పాటు గెంతాడు.

కిందికి దిగీ దిగగానే జుహురా తిన్నగా వనమాలి దగ్గరికే వచ్చింది. చొక్కా పట్టుకుని లాక్కెళ్లి, చెక్క ముందు కూర్చోబెట్టి, గబగబా గుంటలు నింపింది. అతను గింజలు చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యమంటారన్నట్టు గురువుగారి వంక చూశాడు.

"నన్ను చూస్తావేం? ఆ పిల్లని చూసి భయపడి ఆడు" అన్నారావిడ.