గుర్రానికి రాజభోజనం

కుంతలగిరి ఏలే వీరకంపరాజుకి మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి. "ఇది రాజవాపు ప్రభూ, సామాన్యులకి రమ్మన్నా రాదు" అన్నాడు ఆస్థాన వైద్యుడు. రాజుగారు కుంటుతున్నారని మంత్రుల దగ్గర్నుంచి భటుల దాకా అందరూ కుంటడం మొదలెట్టారు.

ఈ వేషాలు చూసి వంటమనిషి పేరిందేవికి ఒళ్ళు మండింది. పూటపూటా నేతి వేపుళ్ళూ అరిసెలూ వండిపెట్టేది తనే, ఆ వాపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకి తెలీదూ! ఒకనాడు ఉండబట్టలేక, ఇంత పసుపేసి మునగాకు పప్పు వడ్డించింది.

"ఆకులూ అలములూ పశువుల మేత! ఇంకోసారి నా కంచంలో ఆకు కనబడిందో, నిన్ను పొలిమేర దాటిస్తా" అని రాజు కంచం తోసేశాడు.

మర్నాడు రాజు తన ముద్దుల గుర్రాన్ని చూసుకుందామని కుంటుకుంటూ శాలకి వచ్చేసరికి, పేరిందేవి దాని ముందు వేపుళ్ళూ అరిసెలూ నింపిన వెండి పళ్ళెం పెట్టబోతోంది.

"ఆగు! అది తింటే గుర్రం కాళ్ళు వాచి కూలబడిపోదూ? పచ్చగడ్డి ఏమైంది?" అని అరిచాడు రాజు.

"గడ్డేం ఖర్మ ప్రభూ, తమరు తినేదే పెడుతున్నా. తమరి కాళ్ళకి పనికొచ్చింది దాని కాళ్ళకి పనికిరాదా?"

రాజు గుర్రం కాళ్ళకేసి చూశాడు. తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ పూట మునగాకు పప్పు కలుపుకున్నాడు.

రాజుగారు ఆకు తిన్నారని తెలిసిన మరుక్షణమే కొలువులో అందరి కుంటుడూ మాయమైంది. రాజుగారిది తగ్గడానికే నెలలు పట్టింది.