మంచుమడుగు లాంతరు

మా గురువు సోమన్న వైద్యులుగారికి ఒక అలవాటు ఉండేది. మందు అడిగితే మందిచ్చేవారు గానీ, ప్రశ్న అడిగితే జవాబిచ్చేవారు కారు. ఏదో ఊళ్లో జరిగిన సంగతి ఒకటి చెప్పి, మిగిలింది మా నెత్తిన పెట్టి పోయేవారు. మాకు ఒళ్లు మండేది.

ఆ సాయంత్రం మాత్రం ఒళ్లు మండే ఓపిక కూడా ఎవరికీ లేదు. నా తోటి శిష్యుడు భద్రాచారి తమ్ముడు లోపలి గదిలో జ్వరంతో పడి ఉన్నాడు. ఊరందరికీ నిబ్బరంగా వైద్యం చేసే భద్రాచారి, తమ్ముడి దగ్గరకు వచ్చేసరికి ఒక కషాయం కడుపులో పడీ పడకముందే ఇంకొకటి కాస్తున్నాడు. గురువుగారు వచ్చి పొయ్యి ఆర్పేశారు. "ముందు ఇచ్చిన మందును పని చెయ్యనీ," అన్నారు.

"తోడబుట్టినవాడు అలా మూలుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటారా? నిలకడగా ఉండాలంటే గుండెను రాయి చేసుకోవాలా?" అన్నాడు భద్రాచారి.

గురువుగారు గడప మీద కూర్చుని ఇలా చెప్పారు.

మన్యంలో కొండల నడుమ మంచుమడుగు అని ఒక సరస్సు ఉంది. అవతలి ఒడ్డున సంత, ఇవతలి ఒడ్డున పల్లె. పల్లె రేవుకు ఒక పక్కన అంతా నీళ్లలో మునిగిన బండలే. సందెవేళ మంచు దిగిందంటే పడవలో ఉన్నవాడికి ఒడ్డు ఆనవాలే చిక్కదు. అలా కొన్ని పడవలు పగిలాక, పల్లెవాళ్లు రేవులో రాళ్లు పేర్చి ఒక దీపస్తంభం కట్టుకున్నారు. తాటిచెట్టులో సగం ఎత్తు కూడా ఉండదు. సముద్రం చూసినవాళ్లు నవ్విపోతారు. పైన గూట్లో ఇప్పనూనె లాంతరు. మంచులో ఆ వెలుగు ఒక్కటే మసకగా కనబడేది. దానికి సూటిగా పడవ నడిపితే రేవు చేరినట్టే. దీపం చూసే పని ఇంటింటికీ వంతు.

ఒకనాడు ఆ వంతు సన్యాసమ్మది. సంతకు వెళ్లిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఆమె పెనిమిటి గౌరీసు పడవ తప్ప. మంచు కమ్మేసింది. ఆమె స్తంభం మెట్ల మీద నిలబడి పిలిచింది. జవాబు లేదు. కాసేపటికి తుంగ పొదల వైపు నుంచి కేక వినిపించినట్టయింది. ఇక ఆమెకు కాళ్లు నిలవలేదు. గూట్లోంచి లాంతరు తీసుకుని అటు పరుగెత్తింది. అక్కడ ఏమీ లేదు. ఈసారి బండల వైపు తెడ్డు చప్పుడు. మళ్లీ అటు పరుగెత్తింది. మొగుడికి దారి చూపిస్తున్నాననే అనుకుంది పాపం. చప్పుడు మాత్రం బండలకే దగ్గరవుతోంది.

గౌరీసు తల్లి ఎర్రమ్మ అడ్డం వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఆడి సప్పుడు ఇటే ఇనిపిస్తంది అత్తా," అంది సన్యాసమ్మ.

"నువ్వు ఇటొచ్చావు గనక ఆడూ ఇటే వస్తన్నాడు. నువ్వు ఆడ్ని ఎతకడం కాదే, ఆడు దీపాన్ని ఎతుక్కోవాల. పట్టికెళ్లి గూట్లో ఎట్టు."

"ఎట్టీసి నానేటి సెయ్యాల?"

"కూకో."

లాంతరు గూట్లోకి వెళ్లింది. కోడలు మెట్ల మీద కూలబడింది. అత్త స్తంభం పక్కన నిలబడింది. ఆ తర్వాత చాలాసేపు నీళ్ల మీద అలికిడే లేదు. పడవ మళ్లిందో, మునిగిందో తెలియదు. కోడలు లేవబోయినప్పుడల్లా అత్త మళ్లీ "కూకో" అనేది, అంతే. చివరికి మంచులోంచి పడవ ముక్కు కనబడింది. ఒక పక్క పలక చీలింది, లోపల సగం నీళ్లే. గౌరీసు దిగి, దీపం ఎందుకు తిరిగిందని తిట్టబోయి, పెళ్లాం ముఖం చూసి ఊరుకున్నాడు. మర్నాడే పల్లెవాళ్లు ఆ లాంతరును ఇంకెవరూ తీయకుండా సున్నం పెట్టి గూట్లో పాతేశారు. ఇప్పటికీ నూనె తీసుకుని మనుషులే దాని దగ్గరకు ఎక్కుతారు.

గురువుగారు ఆపారు. లోపలి నుంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. భద్రాచారి పొయ్యి వైపు వెళ్లలేదు గానీ, మనసు కుదుటపడినట్టూ లేదు.

"ఆ ముసలమ్మది రాతిగుండె కాబట్టి సరిపోయింది," అన్నాడు.

గురువుగారు గడప మీంచి లేచారు. "కొడుకు ఒడ్డున పడ్డాక, స్తంభాన్ని పట్టుకున్న ఆవిడ చేతిని విడిపించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది నాయనా," అన్నారు.