విత్తనానికి తోడు

ఏడు సముద్రాల అవతల, మంచుకొండల ఒడిలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు బంగారు రంగంటే పిచ్చి. పొలాల్లో ఉన్న నల్ల, ఎర్ర, నీలి మొక్కజొన్నలన్నీ పీకించేసి, పసుపు గింజ ఒక్కటే వేయించాడు. రాజుగారికి చెప్పేదెవరు?

సరిగ్గా ఆ ఏడే ఒక మాంత్రికుడు వచ్చి రాజ్యం ఇమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు తన చిలుకను పొలాల మీదికి వదిలాడు. అది పూటకో ఊరి పంట తినేసింది. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బాణం వేశాడు, తగల్లేదు. రెండోవాడు వల పన్నాడు, చిలుక వలనూ కొరికేసింది. మూడోవాడు కుసి. వాడికి బాణమూ రాదు, వలా రాదు. వెళ్ళి తన లామాతో గోడు చెప్పుకున్నాడు. లామా అంటే మన గొర్రెకు పొడుగు మెడ అతికించినట్టుంటుంది. ఆ రోజుల్లో మాట్లాడేది కూడా.

"మాంత్రికుడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది," అంది లామా. "వాడి మంత్రం వల్ల దాని కంటికి పసుపువే గింజలు, మిగతా రంగులవన్నీ గులకరాళ్ళు. ఏడు కొండల అవతల సారా అనే పిల్ల దగ్గర అన్ని రంగుల విత్తనాలూ ఉన్నాయి, పద."

ఒక కొండ దాటారు, రెండు కొండలు దాటారు, ఏడు కొండలూ దాటారు.

సారా కుండ మూత తీసింది. లోపల నల్లవి, ఎర్రవి, నీలివి, చుక్కలవి. "ఒకప్పుడిది ఉత్త గడ్డి, రాజకుమారా. మా అవ్వల అవ్వలు ఏటా మంచి గింజ ఏరి, ఏ రంగుకారంగు దాచి, ఇంతదాన్ని చేశారు. ఇవి పోతే మళ్ళీ రావు."

"అయితే ఇవ్వవా?"

సారా కుండను ఒడిలోకి తీసుకుంది. "ఇస్తాను. కానీ ఒంటరిగా పంపను. ఆడపిల్లను అత్తారింటికి పంపితే తోడు వెళ్ళమా? నేనూ వస్తాను. విత్తనం కుదురుకున్నాక వెళ్ళిపోతాను."

రాజ్యానికి తిరిగొచ్చి, పసుపు గింజ ఒక్కటీ కలవకుండా ఇద్దరూ కలిసి విత్తారు. కంకులొచ్చేదాకా జనం కొండదుంపలు తిని బతికారు. చిలుక మళ్ళీ వచ్చింది. మొదటి రోజు పసుపు గింజ కోసం వెతికింది, రెండో రోజు వెతికింది, మూడో రోజు ఓపికలేక కుసి కాళ్ళ దగ్గర పడింది. గట్టు మీద మాంత్రికుడూ కూలబడ్డాడు.

"మెడ విరిచెయ్," అన్నారు అన్నలు.

చిలుక గుండె కుసి అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. వాడికి జాలేసింది. ఒక నల్ల గింజ దాని నోట్లో పెట్టాడు. చిలుక కొరికింది, రాయి కాదని తెలుసుకుంది, ఇంకోటి కావాలంది. అంతే, మంత్రం కాస్తా పోయింది. మాంత్రికుడు మామూలు మనిషై తలవంచుకుని, "నాక్కూడా నాలుగు గింజలు పెట్టు తల్లీ," అన్నాడు. సారా పెట్టింది.

కోతలయ్యాయి. సారా మూట కట్టుకుంది. "విత్తనం కుదురుకుంది కదా, వెళ్ళొస్తాను."

కుసి నేలవంక చూస్తూ, "ఇంకో ఏడు చూడరాదూ? సరిగ్గా కుదురుకుందో లేదో," అన్నాడు.

సారా నవ్వి మూట విప్పింది. ఆ నెలలోనే పెళ్ళయింది. పెళ్ళిలో రాజుగారు బంగారు హారం తీసేసి, అన్ని రంగుల గింజల దండ వేసుకున్నారు. కుసి, సారా తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. ఏటా కోతలప్పుడు ఆవిడ, "ఇక వెళ్ళనా?" అని అడిగేది.

"ఇంకా కుదురుకోలేదు," అనేవాడాయన.