మౌలాలి ఏకిన రజాయి

దూదేకుల మౌలాలి, దూది ఏకే వింటినారి మోగినప్పుడల్లా దేవుడి పేరు పాడేవాడు. వీధివాళ్లూ వచ్చి గొంతు కలిపేవారు. ఇలాంటి కొత్త పద్ధతులు మతంలో లేవని నవాబు మండిపడ్డాడు. నవాబు మాట మీద ఖాజీ, ఆ పాట సోకిన దూదినంతా తగలబెట్టమని తీర్పు చెప్పాడు.

మౌలాలి చేతులు కట్టుకుని ఖాజీతో మెల్లగా అన్నాడు.

"చిత్తం హుజూర్. ముందు మీ అమ్మగారి రజాయి తెప్పించండి. నిరుడు ఆవిడ చలి ఓర్చుకోలేకపోతున్నానని కబురు పెడితే, ఆ దూదీ ఈ పాటతోనే ఏకాను."

ఆ రజాయి కప్పుకున్నాకే ఖాజీ అమ్మ కంటినిండా నిద్రపోతోంది.

"చలి పోయాక తగలబెడదాంలే," అన్నాడు ఖాజీ.

ఎండలు ముదిరాక, తీర్పు ఏమైందని నవాబు అడిగించాడు. అమ్మకింకా చలి పోలేదని ఖాజీ జవాబు రాశాడు.