కుండకాసూ, రాజుగారి నీలిమీసమూ

ఒకానొక రాజ్యంలో, అంటే మా ముత్తవ్వకు ముత్తవ్వ కాపురం చేసిన రాజ్యంలోనే, ఘనగర్జన భూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, ఆయన సింహాసనమెక్కి కూర్చున్న ఘడియ తర్వాత గానీ వాటి కొసలు సభలోకి వచ్చి చేరేవి కావు.

ఆ ఊరి నీళ్ళ రుచి ఇప్పుడెక్కడిది! కొండమీది చెరువులోంచి మట్టిగొట్టాల్లో దిగివచ్చి, ప్రతి వీధి మొదట్లో ఉన్న తూములోంచి గలగలా పడేవి. ఒక్క గుక్క తాగితే మూడు రోజులు నోరు తియ్యగా ఉండేది. బెల్లం వర్తకులు బేరాల్లేక ఊరే విడిచిపోయారంటే చూసుకోండి. వాడేసిన నీళ్ళేమో రాతికాలవల్లో పడి, ఊరి దిగువన రెల్లుగుంటకు పోయేవి.

దీనికంతటికీ ఇంటికో కాసు. పున్నమి పొద్దున్నే ఊరందరూ తూముల అధికారి చెంగప్ప గుడిసె ముందు వరసకట్టి, అక్కడున్న కుండలో వేసేవాళ్ళు. కుండకాసు అనేవాళ్ళు దాన్ని. గొట్టాలు కాల్చే కుమ్మరులకూ, కాలవలు తోడేవాళ్ళకూ జీతాలు అందులోంచే. ఆ వరసలో ఎన్ని కబుర్లు, ఎన్ని తగువులు! ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అక్కడే కుదిరాయి, మిగతా సగం అక్కడే చెడ్డాయి.

కోట ఒక్కటే కాసు వేసేది కాదు. ఊరి నీళ్ళలో సగం వాడేదీ కోటే. రాజుగారి ఒంటికి రోజూ నూరు బిందెలు, మీసాలకు వేరే యాభై.

ఒక ఎండాకాలం కొండ కింద పెద్దగొట్టం పగిలింది. చెంగప్ప గుడ్డ చుట్టి, బంకమన్ను మెత్తి ఎలాగో ఆపాడు. కొత్త గొట్టాలు వెయ్యడానికి కుండలో ఉన్నవి చాలవు. సభకు పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కోటవారు కూడా వాడుకున్నదానికి తగ్గట్టు కుండకాసు వేస్తే గొట్టం బాగుపడుతుంది."

రాజుగారు లేచి గర్జించారు. ఆ గర్జనకు పక్కరాజ్యంలో పాలు విరిగాయట.

"నేనా? కాసా? ఈ రాజ్యంలో ప్రతి నీటిబొట్టూ నాది! నా నీళ్ళు నేను వాడుకోవడానికి రుసుమా? ఊరివాళ్ళ చేత రెట్టింపు కట్టించు. అమావాస్య లోపల కట్టని వీధి తూము నీ చేత్తోనే మూసెయ్యి."

ఆ మాట రంగులవీధికి చేరేసరికి బాలనాగి పరుగెత్తుకొచ్చింది. బట్టలకు నీలిమందు వేసే పెద్దావిడ, మోచేతుల దాకా నీలంగా ఉండేది.

"చెంగన్నా, రెట్టింపు మేమెక్కణ్ణించి తెచ్చేది? తూము మూస్తే మా తొట్లు ఎండిపోతాయి. వీధి వీధంతా మూటలు నెత్తినెట్టుకుని పోవాల్సిందే. ఆ మట్టి నువ్వే కొడతావా మా తూముకి?"

చెంగప్ప ఆవిడ నీలిచేతుల వంక చూశాడు. తర్వాత మళ్ళీ కోటకు పోయాడు.

"ప్రభూ, మూర్ఖుణ్ణి, ఒక్క సందేహం. ప్రతి బొట్టూ తమదేనా? ఒక్కటి కూడా మినహా లేదా?"

"లేదు!"

"ఆ మాట రాయించి ముద్ర వేయించండి. జనం నా మాట నమ్మరు."

రాజుగారు మురిసిపోయి చెయ్యంత ముద్ర వేశారు.

మర్నాడు తెల్లారేసరికి కోట వాకిట్లో ఊరంతా వరసకట్టి ఉంది. అందరి నెత్తినా కుండలే. ఒకదాంట్లో బియ్యం కడుగు, ఒకదాంట్లో చేపలు కడిగిన నీళ్ళు, ఒకదాంట్లో నెలల పిల్లాడి పొత్తిగుడ్డలు ఉతికిన నీళ్ళు. వరస అవతలి కొస పొరుగురాజ్యంలో ఉంది. ఆ వాసనకు కోటమీద కాకులు ముక్కులు రెక్కల్లో దాచుకున్నాయి.

"ఏమిటిది!" అన్నారు రాజుగారు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని.

చెంగప్ప ముద్ర వేసిన ఆజ్ఞ విప్పి చూపించాడు. "ప్రతి బొట్టూ తమ సొత్తు కదా ప్రభూ. వాడుకున్నాం. జాగ్రత్తగా తెచ్చి అప్పగిస్తున్నాం. ఎక్కడ పొయ్యమంటారు, పడకగదిలోనా, కొలువులోనా?"

"మురికినీళ్ళు నాకెందుకురా! ఇందులో ఏముందసలు?" అంటూ రాజుగారు ముందున్న కుండలోకి వంగారు. అది బాలనాగి కుండ. మీసం కాస్తా నీలిమందు నీళ్ళలో మునిగింది. తలెత్తేసరికి కుడిమీసం నెమలిపింఛంలా తళతళలాడుతోంది.

"నీళ్ళు! నీళ్ళు తెండి!" అని అరిచారు. నౌకర్లు కోటతూము దగ్గరకు పరుగెత్తారు. చుక్క లేదు.

"పెద్దగొట్టం పొద్దున్నే విడిపోయింది ప్రభూ," అన్నాడు చెంగప్ప తలవంచుకుని. అది దానంతటదే విడిపోయిందో, ఆయన బొటనవేలు తగిలిందో నేను చూడలేదు.

"కొండమీద చెరువునిండా నీళ్ళున్నాయి కదరా!"

"నిండా ఉన్నాయి. అన్నీ తమవే. వాటంతటవే నడిచి రావు, అంతే. వానకు మేఘం ఏ రుసుమూ అడగదు ప్రభూ. నీళ్ళను ఇంటికి తెచ్చేదీ మనుషులే, వాడేశాక తీసుకుపోయేదీ మనుషులే. కుండకాసు నీళ్ళకు కాదు, వాళ్ళకు. కోట సగం వాడుకుని ఏమీ వెయ్యకపోతే, ఆ సగం బరువు ఈ బాలనాగి నెత్తిమీదే కదా."

రాజుగారు కుండలోకి మళ్ళీ తొంగిచూశారు. ఒక నల్లమీసం, ఒక నీలిమీసం. ముందు మూతి వంకరపోయింది, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత పకపకా నవ్వారు. ఆ నవ్వుకు మూడు బురుజుల సున్నం రాలింది.

"గెలిచావురా చెంగప్పా! రెట్టింపు రద్దు. కోట వాటా ఈ పూటే వేస్తాను. నీకేం కావాలో కోరుకో, ఊరు కావాలా, ఏనుగు కావాలా?"

"ఏనుగుకు రోజూ స్నానం ప్రభూ, దాని కుండకాసు నేను కట్టలేను. తమరే పున్నమినాడు వచ్చి వరసలో నిలబడితే చాలు."

రాజుగారు మళ్ళీ నవ్వి, చేతి కంకణం తీసి చెంగప్పకు తొడిగారు.

మరుసటి పున్నమికి నిజంగానే వచ్చారు, గుప్పిట్లో కాసులు పట్టుకుని. ముందు నిలబడ్డ బాలనాగి వెనక్కి తిరక్కుండానే, "తొయ్యకు నాయనా, నీ మీసం నా వీపుకు గుచ్చుకుంటోంది," అంది. పక్కనే తూములో, కొత్త గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు గలగలా పడుతున్నాయి.

ఆనాటి గొట్టం ముక్క ఒకటి నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేది. మా అవ్వ దాన్ని నా చెవికి ఆనించి, "వినపడిందా?" అనేది. వినపడేది. ముందు నీళ్ళు, వాటి వెనకాల రాజుగారి నవ్వు.